కోనసీమ ఆస్తి గొడవ సీరియల్‌ని ఆఖరి వారంలో ఎలా ముగించాలి?

మీరు చెప్పిన కథ ఇదీ: తండ్రి పోయాడు. తాతల నుంచి ఉమ్మడిగా వస్తున్న మాగాణి 3 ఎకరాల 20 సెంట్లు. పెద్దోడు వీలునామా చూపించి మొత్తం నాదే అంటున్నాడు. తమ్ముడు మాటలు మానేశాడు. 1998లో పెళ్లయి వెళ్లిన చెల్లెలికి అసలు కబురే లేదు. మిగిలింది ఆరు ఎపిసోడ్లు.

బీరువాలో రెండో వీలునామా దొరికించకండి, తల్లికి గుండెపోటు తెప్పించకండి. ఉన్న కాగితంలోనే దారి ఉందండి. ఉమ్మడి ఆస్తిలో తండ్రి తన వాటా వరకే వీలునామా రాయగలడు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది, పెళ్లయిందా లేదా అన్నది అడ్డు కాదు. అంతకుముందు పంపకాలు జరగలేదనుకుంటే తండ్రి, ముగ్గురు పిల్లలు కలిసి నాలుగు వాటాలు, తలా 80 సెంట్లు. కాబట్టి పెద్దోడి వీలునామా నిజమైనదే అయినా దాని బలం 80 సెంట్లే. అదీ చెల్లదంటే తండ్రి వాటా తల్లికీ ముగ్గురు పిల్లలకీ తలా 20 చొప్పున వెళ్తుంది: పిల్లలకు ఎకరం చొప్పున, తల్లికి 20 సెంట్లు. ఈ లెక్క సోమవారమే, చెల్లెలి ఎదుటే బయటపడాలి. ఆమెకు ఇంకొకరి ద్వారా తెలిస్తే సీను సగం చచ్చిపోతుంది.

అసలు పనంతా గురు, శుక్రవారాల్లో. సెంట్లు సమానమైనా పొలాలు సమానం కావు. పంటకాలువ పక్క ఎకరం వేరు, శివారు ఎకరం వేరు. శివారుకి నీరందాలంటే బోదె, అంటే పిల్లకాలువ, పైవాడి చేలోంచే రావాలి. ఆ బోదె హక్కు, బండి దారి పంపకాల దస్తావేజులో హద్దులతో సహా రాయించకపోతే ఏడాది తిరగకుండా మళ్లీ గట్టు మీద తగాదానే. పెద్దోడి మార్పు ఇక్కడే కనపడాలి. సర్వేయరు గొలుసు లాగుతుంటే, "కాలువ పక్కది చెల్లెమ్మకి రాయండి, శివారు నాకుంచండి" అంటాడు. అంతే, క్షమాపణ డైలాగు పెట్టొద్దు. పోగొట్టుకునేది కళ్లకి కనపడితేనే జనం నమ్ముతారు.

చెల్లెలి చేత మాత్రం "నాకేం వద్దన్నయ్యా" అనిపించొద్దు. చవకబారు ముగింపు అది, పైగా నోటిమాటతో హక్కు పోదు. వదులుకుంటే రిజిస్టరు దస్తావేజు ఉండాల్సిందే. తమ్ముణ్ణి కూడా ఒక్క ఎపిసోడ్‌లో కరిగించకండి. సంతకం పెట్టి, వేలిముద్ర వేసి, అన్నతో మాట్లాడకుండానే వెళ్లిపోనివ్వండి. వదిన పెట్టిన భోజనానికి కూర్చుంటే చాలు.

షూటింగ్ మేలో అయితే ఒక జాగ్రత్త. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు, సాధారణంగా మళ్లీ జూన్‌లోనే నీళ్లు. బోదె పారే షాటు ముందే తీసి పెట్టుకోండి.