పార్సెళ్ల చీటీ వేసే ముందు

చిరంజీవి బుజ్జికి,

బర్మింగ్‌హామ్ నుంచి పిన్ని ఆశీస్సులు. నువ్వు నెదర్లాండ్స్ నుంచి ఫోనులో చెప్పిన సంగతి రెండు రోజులుగా నా తలలో తిరుగుతూనే ఉంది. ఏడు దేశాల్లో ఉన్న తెలుగువాళ్లు ముప్ఫై మంది ఒకరికొకరు తినుబండారాల పార్సెళ్లు పంపుకోవాలి, అవి సంక్రాంతికి అందాలి అన్నావు. నీ ఉత్సాహం బాగుంది. ముప్ఫై మంది అన్నదీ, సంక్రాంతి అన్నదీ మాత్రం రెండూ బాగాలేవు.

ఈ పని నేను తొమ్మిదేళ్లు చేశాను. మొదటి ఏడాది ఇరవై రెండు మందిని పోగుచేస్తే పద్నాలుగు పార్సెళ్లు చేరాయి, ముగ్గురితో మాటలు పోయాయి. పెట్టెలు దారిలో పోయినందుకు కాదు, అందుకున్నవాళ్లు తిరిగి పంపనందుకు. చీటీ పాడుకుని డబ్బు ఎత్తుకున్నాక నెల నెలా కట్టడం మానేసినవాళ్లను మన ఊళ్లో చూశాం కదా, ఇదీ అలాంటిదే. ఆ చీటీలో పోయేది డబ్బు. ఈ పార్సెళ్ల చీటీలో అయితే స్టాక్‌హోమ్‌లో ఒక పిల్ల మూడు వారాల పాటు రోజూ తలుపు దగ్గర చూసుకుని, తనకెవరూ ఏమీ పంపలేదని లోలోపల కుములుతుంది. ఆ పిల్లకు నేనేం చెప్పాలో తోచక, మా ఇంట్లో ఉన్న కందిపొడీ చెగోడీలూ సర్ది నా పేరుతోనే పంపాను.

అందుకని ఎనిమిది మందితో మొదలుపెట్టు. ప్రతి ఒక్కరూ మీలో ఎవరో ఒకరికి ముఖపరిచయం ఉన్నవాళ్లై ఉండాలి. పొరుగింటివాళ్లు కూర పంపిన గిన్నెను మీ అమ్మమ్మ ఎన్నడూ ఖాళీగా తిప్పి పంపలేదు, ఏమీ లేకపోతే నాలుగు పచ్చిమిరపకాయలైనా వేసేది. అలా పెరిగినవాళ్లు ఎవరో నీకు మాట తీరులోనే తెలుస్తుంది. "చూద్దాం, వీలైతే పంపుతాను" అనేవాళ్లను ప్రేమగా పక్కన పెట్టు.

రసీదు ఫోటో చూపిస్తేనే ఎదుటివాళ్లు పంపాలని రెండో ఏడు నియమం పెట్టాను. నా తెలివి చూడు, అందరూ అవతలివాళ్ల రసీదు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు, ఒక్క పెట్టె కదలలేదు. తరవాత దారి దొరికింది. కొత్తగా చేరినవాళ్లు ముందు పంపాలి, రెండు మూడు ఏళ్లుగా ఉన్నవాళ్లు వారం తరవాత పంపాలి. మొదటి ఏడాది అందరూ కొత్తవాళ్లే కాబట్టి అందరికీ ఒకటే తేదీ పెట్టు, నీ పార్సెల్ మాత్రం దానికి వారం ముందే వెళ్లాలి. ఎవరైనా ఎగ్గొడితే నష్టం నిర్వాహకురాలిదే. నా అల్మారాలో ఎప్పుడూ రెండు పెట్టెలు సిద్ధంగా ఉండేవి, నువ్వూ ఉంచుకో.

జతలుగా కాకుండా గుండ్రంగా పంపించు. నువ్వు మ్యూనిక్‌కు, మ్యూనిక్ వాళ్లు స్టాక్‌హోమ్‌కు, వాళ్లు డబ్లిన్‌కు, అలా తిరిగి నీ దగ్గరకు. ఇద్దరే ఇచ్చిపుచ్చుకుంటే పోలికలు మొదలవుతాయి: నేను పంపినంత తను పంపలేదని. చిరునామాల పట్టిక మొత్తం గ్రూపులో పెట్టకు. ఎవరికి పంపాలో వాళ్ల చిరునామా, ఫోను నంబరు మాత్రమే ఇవ్వు.

సంక్రాంతి ఎందుకు వద్దంటే, పండుగకు అందాలంటే డిసెంబరులో పంపాలి, అప్పుడు పోస్టు అంతా క్రిస్మస్ పెట్టెలతో నిండిపోయి ఉంటుంది. ఉగాదికి పెట్టుకో. ఫిబ్రవరి చివర్లో పోస్టులో వేస్తే తీరిగ్గా చేరుతుంది, ఎండలు కూడా ఉండవు.

ఇక సరిహద్దులు. మొదటి ఏడాది ఐరోపా సమాఖ్య దేశాల లోపలే తిప్పు, మీకు మీకు కస్టమ్స్ గొడవ ఉండదు. మేం ఆ సుఖం పోగొట్టుకున్నాం. ఒకప్పుడు ఇక్కడి నుంచి జర్మనీకి నెయ్యి సీసా గుంటూరు నుంచి తెనాలికి పంపినంత తేలిగ్గా పంపేదాన్ని. 2021 జనవరి 1 నుంచి బ్రిటన్ బయటి దేశం కింద లెక్క, పోస్టులో పాలపదార్థాలూ మాంసమూ మీ వైపు రానివ్వరు. ఆ సంగతి చెవిన పడినా పట్టించుకోకుండా ఒక మధ్యాహ్నమంతా పొయ్యి దగ్గర నిలబడి కలిపిన కోవా పంపాను. దాన్ని ధ్వంసం చేశామని జర్మన్ భాషలో ఒక కాగితం వచ్చింది. తప్పు నాదే. చికెన్ పచ్చడీ అంతే, ఎంత మొహమాటపెట్టినా బయటి దేశం నుంచి పంపించుకోవద్దు.

తరవాతి ఏళ్లలో మిగతా దేశాలను కలుపుకున్నప్పుడు పనికొస్తుందని ఇంకో రెండు ముక్కలు. దుబాయ్‌లోనూ సింగపూర్‌లోనూ గసగసాలు నిషిద్ధం. గసగసాలు విడిగా ఎవరూ పంపరు, అవి దాక్కునేది మన ఇంటి మసాలా పొడిలో. అక్కడికి వెళ్లే పెట్టెలో మసాలా పొడి ఉంటే అందులో ఏమేం వేశారో పంపేవాళ్లనే అడుగు, తెలియదంటే తీసేయించు. అమెరికాకు పచ్చి కరివేపాకు పంపకూడదు, నిమ్మజాతి తోటలకు తెగులు మోసుకెళ్లే పురుగు దాని మీద బతుకుతుందని. ఆస్ట్రేలియా వాళ్లను ఇప్పట్లో కలపకు, వాళ్ల తనిఖీ తట్టుకోవడానికి నీకింకా అనుభవం చాలదు.

బహుమతిగా పంపే పెట్టెకు పన్నూ సుంకమూ లేకుండా ఐరోపా సమాఖ్యలో 45 యూరోల వరకు, ఇక్కడ 39 పౌండ్ల వరకు వీలుంది. నువ్వు లోపలి సరుకు 20 యూరోలు, బరువు 2 కిలోలు అని గీత గీసేయ్, ఎవరికీ భారం ఉండదు. ఈ అంకెలను నమ్ముకుని కూర్చోకు, పంపే వారం ముందు మళ్లీ చూసుకో. 2025 ఆగస్టులో అమెరికా చిన్న పార్సెళ్ల మినహాయింపు ఎత్తేసినప్పుడు, మన దేశంతో సహా ఎన్నో దేశాల తపాలా శాఖలు కొన్నాళ్లు అక్కడికి పార్సెళ్లు తీసుకోవడమే మానేశాయి. కస్టమ్స్ ఫారం మీద 'ఆహారం' అని ఒక్క మాట రాసి వదలొద్దు. నూనెలో మామిడికాయ పచ్చడి 400 గ్రాములు, వేయించిన పప్పుల పొడి 200 గ్రాములు అని విడివిడిగా ఇంగ్లీషులో రాయించు. పేరు రాయని సంచిలో తెల్లటి బియ్యప్పిండి పంపి తనిఖీవాళ్లను కంగారుపెట్టినవాళ్లు మా గుంపులో ఉన్నారు.

ఆవకాయ గురించి వేరే చెప్పాలి. ఆవకాయకు నూనె ప్రాణం, పార్సెల్‌కు అదే గండం. హైదరాబాద్, విజయవాడ పచ్చళ్ల దుకాణాల్లో ఫారిన్ ప్యాకింగ్ అని అడిగితే వాళ్లే మిషను మీద సీలు వేసి ఇస్తారు. మన ఇంట్లో ఆ మిషను ఉండదు. ముందు రోజు పచ్చడిని చిల్లుల గిన్నెలో వేసి గంటసేపు ఉంచితే పైనూనె దిగిపోతుంది. గాజు సీసా వద్దు, వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బాలో నింపి పైన వేలెడు ఖాళీ వదులు. మూత బిగించే ముందు డబ్బా మరలను పొడిగుడ్డతో తుడువు, అక్కడ ఒక్క చుక్క మిగిలినా ఏ టేపూ అంటుకోదు. టేపు చుట్టాక డబ్బాను పాత పేపరు మీద తలకిందులుగా రాత్రంతా నిలబెట్టు. తెల్లారాక కాగితం మీద మచ్చ లేకపోతేనే పెట్టెలోకి వెళ్లాలి. చేరాక కాచి చల్లార్చిన నువ్వులనూనె పోసుకోమని ఒక చీటీ పెట్టు. దిగిన నూనెతో ఆ పూట వేడన్నం కలుపుకో, అది నీ కూలి.

ఈ మచ్చ పరీక్ష నాకు ఊరికే రాలేదు. ఓసారి నా డబ్బా కారి చిరునామా కాగితం నూనె తాగేసింది. చివరికి పోస్టువాళ్లు దాన్ని ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి, రెండు వేళ్లతో దూరంగా పట్టుకుని తెచ్చిచ్చారట. అప్పటి నుంచి పెట్టె లోపల కూడా చిరునామా రాసి పెడుతున్నాను.

సకినాలు పంపితే పొడి చేరుతుంది (కరీంనగర్‌లోని మీ అత్తగారికి ఈ మాట చెప్పకు). పూతరేకుల మీద ఆశ వదులుకో. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిందిగానీ పోస్టు సంచికి ఆ గౌరవం తెలియదు. అరిసెలు, నువ్వుండలు, చెగోడీలు, పొడులు మాత్రం ఎంత దూరమైనా వెళ్తాయి. వేరుశనగ పడనివాళ్లు ఎవరున్నారో పేర్లు రాసుకునేటప్పుడే అడుగు. మనవాళ్లు పల్లీలు వేశామన్న సంగతే మరిచిపోతారు, కాబట్టి ప్రతి పొట్లం మీదా వేసినవన్నీ, చేసిన తేదీతో సహా రాయాలి.

ఇవన్నీ అయ్యాక కూడా నాకు ఒక అసంతృప్తి ఉండేది. మ్యూనిక్ నుంచి వచ్చినా డబ్లిన్ నుంచి వచ్చినా పెట్టెలో అదే కారప్పొడి. మన కొట్లలో దొరికే సరుకు అందరింటా ఉన్నదే కదా. నాలుగో ఏడాది ఒక నియమం చేర్చాను: పెట్టెలో ఒకటి అక్కడ పండినదానితో మన పద్ధతిలో చేసినదై ఉండాలి. ఆ ఏడు డాలస్ నుంచి క్రాన్‌బెర్రీ పచ్చడి వచ్చింది, ఇంగువ పోపుతో, ఎర్రగా, ఉసిరికాయకు చుట్టంలా. నేను ఇక్కడి పులుపు యాపిల్ ముక్కలకు ఆవపిండి కలిపి పంపాను. స్వీడన్ పిల్ల అక్కడి పుల్లటి రూబార్బ్ కాడలతో గోంగూరలాంటిది చేసి, "కళ్లు మూసుకుని తినండి" అని డబ్బా మీద రాసింది. మా ఆయన కళ్లు తెరుచుకునే తిని, ఇంకో ముద్ద కలపమన్నారు. మీ గుంపులోనూ ఈ నియమం మొదటి ఏడాది నుంచే పెట్టు.

బ్రిటన్‌ను కలుపుకునే ఏడాది నా పేరు రాసుకో, కొత్తదాన్ని కాబట్టి ముందు నేనే పంపుతాను. నాకొచ్చే పెట్టెలో స్ట్రోప్‌వాఫెల్, అదే మధ్యలో పాకం పెట్టిన మీ పల్చటి బిస్కెట్టు, ఉంటే సంతోషం. మీ ఊళ్లో డ్రాప్ అని అమ్ముతారే, ఆ ఉప్పటి నల్లబిళ్లలు మాత్రం వద్దు. ఒకసారి తిన్నాను.

ఇట్లు,
మీ పిన్ని