‘సర్టెన్’ అంటే ఎప్పుడూ కచ్చితమేనా?

‘ఎ సర్టెన్ మ్యాన్ కేమ్’కి ‘కచ్చితమైన మనిషి వచ్చాడు’ అని రాస్తే మేడం కొట్టేశారన్నారు కదా, కొట్టేయాల్సిందేనండి! నామవాచకం ముందు నిలబడితే సర్టెన్‌కి చాలాసార్లు ‘ఒకానొక’, ‘ఫలానా’ అనే అర్థం. మీ వాక్యం ‘ఎవరో ఒకాయన వచ్చాడు’ అవుతుంది. ‘సర్టెన్ డెత్’ లాంటివి వేరు, అక్కడ చావు తప్పదనే. ‘ఐ యామ్ సర్టెన్’ అంటే మాత్రం ‘నాకు రూఢిగా తెలుసు’. ఇక్కడ షూర్ కూడా నడుస్తుంది. (మనం ఫోన్లో ‘షూర్ షూర్’ అనేది వేరే సంగతి, అది ఉత్త ‘అలాగే లెండి’!) కానీ ‘ఇట్ ఈజ్ సర్టెన్ దట్ హి విల్ కమ్’లో సర్టెన్ తీసి షూర్ పెట్టకండి, ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘హి ఈజ్ షూర్ టు కమ్’ అనండి, సరిపోతుంది.