లెక్కలు, చిత్రకళ, మత కుట్రలు కలిసిన థ్రిల్లర్లు ఎందుకంత పట్టేస్తాయి? వాటిలో నిజమెంత?

మామూలు హత్య కథలో క్లూ రచయిత పుట్టించిందే. ఈ రకం నవలల్లో మాత్రం పుస్తకం పక్కన పెట్టి, అసలు చిత్రాన్ని వెతికి మనమే సరిచూసుకోవచ్చు, నాకు అసలు మజా అక్కడే. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1514లో చెక్కిన 'మెలెంకోలియా 1' అనే చిత్రం చూడండి, రెక్కలున్న మనిషి వెనక గోడ మీద 4×4 మాయా చదరం ఉంటుంది, అడ్డంగా, నిలువుగా, ఐమూలగా ఎటు కూడినా 34 వస్తుంది, పైగా కింది వరస మధ్యలో 15, 14 పక్కపక్కనే పెట్టి ఆ ఏడాదిని కూడా అందులోనే దాచాడాయన! ఇంత నిజమైన లెక్క ఒక్కటి కళ్లతో చూశాక, ఆ తర్వాత వచ్చే కల్పనని కూడా మనసు ఇట్టే నమ్మేస్తుంది.

మత కుట్రల దగ్గర మాత్రం జాగ్రత్త. ఉదాహరణకి వందల ఏళ్ల రహస్య సంఘంగా పేరుపడ్డ ప్రయరీ ఆఫ్ సియాన్, నిజానికి 1956లో పియర్ ప్లాంటార్ అనే ఆయన, మరికొందరు ఫ్రాన్స్‌లో రిజిస్టర్ చేయించినది, దాని పాత చరిత్ర అంటూ చూపించే పత్రాలు 1960లలో పారిస్ జాతీయ గ్రంథాలయంలో చేర్చిన నకిలీలు. అలాగే స్వర్ణ నిష్పత్తి, అంటే చిత్రాల అందానికి రహస్య సూత్రమని ఈ కథలు చెప్పే 1.618 అనే కొలతల నిష్పత్తి. గీత ఎక్కడ మొదలుపెట్టాలో మన ఇష్టమైతే 1.618కి దగ్గరి అంకె ఏ బొమ్మలోనైనా దొరుకుతుంది.

అందుకే మొదటిసారి టెన్షన్ కోసం ఆగకుండా చదివేయండి, రెండోసారి చిత్రాలు పక్కన పెట్టుకుని నెమ్మదిగా చదవండి. రెండోసారే ఎక్కువ బాగుంటుంది.