సినిమా సందేహాలు: ముసుగు తీశాక మళ్లీ చూస్తే

తొంభైల చివర్లో వచ్చిన టీనేజ్ స్లాషర్ సినిమాల (ముసుగు హంతకుడు ఒక్కొక్కర్నీ చంపుకుంటూ పోయే సినిమాల) మీద పాఠకుల ప్రశ్నలివి. జవాబుల్లో హంతకుల గుట్టు బయటపడుతుంది. మొదటిసారి చూడబోయేవారు ఈ పేజీ తిప్పేయండి.

ప్రశ్న: ‘స్క్రీమ్’ (1996)లో హంతకులెవరో తెలిసిపోయింది. ఇక రెండోసారి చూడటానికి ఏముంటుంది?

జవాబు: మొదటిసారి అందరం ముసుగునే చూస్తాం. రెండోసారి ముసుగు లేని సమయాన్ని చూడాలి. ఒక కాగితం మీద మూడు గళ్లు గీసుకోండి: దాడి ఎక్కడ జరిగింది, అప్పుడు హంతకులిద్దరిలో బిల్లీ ఎక్కడున్నాడు, స్టూ ఎక్కడున్నాడు. కథానాయిక సిడ్నీ మీద మొదటి దాడి ముగిసిన వెంటనే ఆమె ప్రియుడు బిల్లీ కిటికీలోంచి లోపలికి దిగుతాడు. అతని దగ్గర్నుంచి సెల్‌ఫోన్ జారిపడుతుంది. ఆ రోజుల్లో హైస్కూలు కుర్రాడి దగ్గర సెల్‌ఫోన్ ఉండటమే వింత, షెరీఫ్ (స్థానిక పోలీసు అధికారి) కూడా దాని గురించే నిలదీస్తాడు. తీరా బిల్లీ పోలీసుల అదుపులో ఉండగానే సిడ్నీకి మళ్లీ ఫోన్ వస్తుంది. దాంతో అతను కాదనుకుంటాం. హంతకుడంటే ఒక్కడే ఉంటాడన్న మన అలవాటు మీదే కెవిన్ విలియమ్సన్ స్క్రిప్టు నడిచింది. గళ్లు నింపుతూ పోతే, ఒకడు ఇరుక్కున్న చోట రెండోవాడికి తీరిక దొరకడం మీకే కనిపిస్తుంది.

పార్టీ ఘట్టంలో న్యూస్ వ్యాన్ మీద కూడా ఓ కన్నేయండి. ఇంట్లో దాచిన కెమెరా దృశ్యం వ్యాన్‌లోని తెర మీదకి 30 సెకన్లు ఆలస్యంగా వస్తుంది. అంటే లోపల కూర్చున్నవాడు చూసేది అరనిమిషం కిందటి సంగతి, హంతకుడు ఈపాటికి ఇంకెక్కడో ఉంటాడు. ఉత్కంఠ పుట్టించడానికి ఇంత చవకైన, ఇంత తెలివైన ఏర్పాటు ఆ దశాబ్దపు స్లాషర్లలో అరుదు.

ప్రశ్న: ‘స్క్రీమ్’లో డ్రూ బారీమోర్ లాంటి తారని మొదట్లోనే చంపేయడం నష్టం కాదా?

జవాబు: లాభమే. పేరున్న తారకే దిక్కు లేదంటే మిగతావాళ్ల సంగతేమిటన్న భయం చివరిదాకా ఉంటుంది. హిచ్‌కాక్ 1960లోనే ‘సైకో’లో ఈ పని చేశాడు, కాకపోతే చాలా ఆలస్యంగా. ‘స్క్రీమ్’ దర్శకుడు వెస్ క్రేవెన్ ఇంకా ముందుకు జరిపాడు. మళ్లీ చూసేటప్పుడు పొయ్యి మీది పాప్‌కార్న్‌ని గమనించండి. ఫోన్ సంభాషణ సాగేకొద్దీ దాని రేకు పొంగుతూ పోతుంది, గడియారం చూపించకుండానే సమయం కరిగిపోతున్నట్టు తెలుస్తుంది. ఫోన్‌లో గొంతు రోజర్ ఎల్. జాక్సన్‌ది. షూటింగ్‌లో ఆయన నటులకు కనపడకుండా ఉండి నిజంగానే ఫోన్‌లో మాట్లాడాడు. అందుకే ఎదుటివాళ్ల తడబాటు అంత సహజంగా వచ్చింది.

ప్రశ్న: ‘ఐ నో వాట్ యూ డిడ్ లాస్ట్ సమ్మర్’ (1997) రెండోసారికి చప్పగా అనిపించింది. లోపం నాలోనా?

జవాబు: సినిమాలోనే. హంతకుడు స్నేహితుల్లో ఒకడు కాదు, బయటివాడు. కాబట్టి వెనక్కెళ్లి పట్టుకోవడానికి ఆధారాలు పెద్దగా లేవు. పైగా కారు డిక్కీలో పీతలు పాకుతున్న శవం కనిపిస్తుంది. కథానాయిక జూలీ స్నేహితుల్ని పిలుచుకొచ్చేసరికి శవమూ లేదు, ఒక్క పీతా లేదు, డిక్కీ తళతళలాడుతుంది. పట్టపగలు ఆ కాస్త వ్యవధిలో అదెలా సాధ్యమో ఎంత లెక్కేసినా కుదరదు. జూలీ స్నేహితురాలు హెలెన్‌ని హంతకుడు వెంటాడే ఘట్టం మాత్రం ఇప్పటికీ గట్టిదే.

ప్రశ్న: ‘హాలోవీన్ హెచ్20’ (1998)లో హంతకుడి ముసుగు షాటుకో రకంగా ఉంది. నా భ్రమా?

జవాబు: కాదు. షూటింగ్ మధ్యలో ముసుగులు మార్చారు, ఒక షాట్‌లోనైతే కంప్యూటర్‌తో తయారుచేసి అతికించారు. కళ్ల రంధ్రాల సైజు, జుట్టు పోల్చి చూస్తే తేడా దొరుకుతుంది.

ప్రశ్న: ఈ సినిమాల తరహాలో షార్ట్‌ఫిల్మ్ తీస్తున్నాం. నెత్తురు గులాబీ రంగులో, షర్బత్‌లా కనిపిస్తోంది. ఏం చేయాలి?

జవాబు: ఎరుపు రంగు ఒక్కటే వేస్తే పల్చగా పారినచోట వెలుతురు లోంచి దూసుకొచ్చి గులాబీ అవుతుంది. దాన్ని అడ్డుకునేది కోకో పొడి. ఒక చెంచా కోకోని ముందు రెండు పెద్ద చెంచాల గోరువెచ్చని నీళ్లలో ఉండలు లేకుండా కలపండి. నేరుగా సిరప్‌లో వేస్తే ఉండలు కడుతుంది. తర్వాత ఒక కప్పు కార్న్ సిరప్ (మొక్కజొన్న పాకం), రెండు చెంచాల ద్రవరూప ఎరుపు ఫుడ్ కలర్, ఒక్క చుక్క నీలం. నీలం రెండో చుక్క పడితే ఊదా రంగుకి తిరుగుతుంది, జాగ్రత్త. తెల్లకాగితం మీద పూసి, మీరు వాడబోయే లైటు కిందే కెమెరాలో చూడండి, కంటితో కాదు. ఇది చర్మానికి మరక పట్టిస్తుంది, నేల మీద పడితే జారుతుంది, కంట్లో పడకూడదు. ఒక్క టేక్‌తో చొక్కా పాడవుతుంది కాబట్టి ఒకేలాంటివి కనీసం మూడు సిద్ధం చేసుకుని, నెత్తురు షాట్లన్నీ ఆ వేషం ఆఖర్లో పెట్టుకోండి.