మీ ప్రశ్న – మా జవాబు: పాత కంప్యూటర్‌కి ఏ ర్యామ్ పడుతుంది?

ప్రశ్న: నమస్తే అండి. మాది ఎరువుల షాపు. బిల్లులకి 2010లో కొన్న కంప్యూటరే ఇప్పటికీ వాడుతున్నాం. లోపల 2 జీబీ డీడీఆర్3 ర్యామ్ ఒకటే ఉంది, రెండో స్లాట్ ఖాళీ. బాగా స్లో అయిపోయిందని ఆన్‌లైన్‌లో 4 జీబీ డీడీఆర్3 తెప్పించి పెడితే స్క్రీన్ మీద ఏమీ రావట్లేదు, బీప్ బీప్ అంటోంది. అది తీసేస్తే మామూలుగానే ఆన్ అవుతోంది. బోర్డు మీద జీ41 అని రాసుంది. రిపేరు చేసే ఆయన బోర్డు పోయింది, కొత్త కంప్యూటర్ కొనెయ్యండి అంటున్నాడు. నిజమేనా? లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి, చాలా టెన్షన్‌గా ఉంది.
– ఓ పాఠకుడు, పాలకొల్లు

జవాబు: కొత్త కంప్యూటర్ మాట పక్కన పెట్టండి. పాత ర్యామ్‌తో మామూలుగా ఆన్ అవుతోందంటే బోర్డు పోలేదు. ఒక్క అనుమానం మిగులుతుంది, ఆ రెండో స్లాటే పాడైందేమోనని. అదీ తీర్చేసుకోండి: కరెంటు తీసేసి, పాత 2 జీబీ ర్యామ్‌ని రెండో స్లాట్‌లో పెట్టి ఆన్ చెయ్యండి. ఆన్ అయిందా, స్లాటూ బాగున్నట్టే. ఈ పని మొదలుపెట్టే ముందు మాత్రం లెక్కల ఫైళ్లన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి, ర్యామ్ మార్చినా మార్చకపోయినా అది చెయ్యాల్సిన పనే.

ఇప్పుడు ఆ కొత్త 4 జీబీ ర్యామ్‌ని చేతిలోకి తీసుకుని దాని మీద నల్ల చిప్పులు లెక్కపెట్టండి. నా అంచనా, ఒకవైపే 8 ఉంటాయి, వెనక్కి తిప్పితే ఖాళీ. మీ తిప్పలన్నీ అక్కడే ఉన్నాయి. ఒక బైటుకి 8 బిట్లు కాబట్టి 4 జీబీ అంటే 32 గిగాబిట్లు. దాన్ని రెండేసి గిగాబిట్ల చిప్పులు 16 పెట్టి చెయ్యొచ్చు, నాలుగేసి గిగాబిట్ల చిప్పులు 8 పెట్టీ చెయ్యొచ్చు. జీ41 అనేది ఇంటెల్ 2008లో తెచ్చిన చిప్‌సెట్, అంటే బోర్డు మీద ప్రాసెసర్‌నీ ర్యామ్‌నీ కలిపే చిప్పు. ఒక్కో చిప్పు 2 గిగాబిట్ల దాకా అయితేనే దానికి అర్థమవుతుంది, నాలుగంటే దాని వల్ల కాదు. అందుకే రెండూ డీడీఆర్3 అయినా, రెండూ 4 జీబీ అయినా, 16 చిప్పులది మీ బోర్డులో పనిచేస్తుంది, 8 చిప్పులది బీప్ కొడుతుంది. మీరు కొన్న ర్యామ్ చెడిపోయింది కాదు, కాస్త కొత్త బోర్డులో పెడితే చక్కగా నడుస్తుంది. కాబట్టి వాపసు గడువు ఉంటే వెంటనే పంపించెయ్యండి.

స్టిక్కర్ మీద కూడా ఈ సంగతి రాసే ఉంటుంది, మనం చూడం అంతే. 4 జీబీ పక్కన 2ఆర్ఎక్స్8 అని ఉంటే 16 చిప్పులది, 1ఆర్ఎక్స్8 అని ఉంటే 8 చిప్పులది. మీకు కావలసింది మొదటిది. ఆ తర్వాత పీసీ3-10600 అనో పీసీ3-12800 అనో వేగం ఉంటుంది. అక్కడ పెద్దగా పట్టింపు లేదు, ఎక్కువ వేగం ర్యామ్ పెట్టినా మీ బోర్డు తన వేగానికే దాన్ని నడిపిస్తుంది. కానీ ఆ అంకె చివర అక్షరం మాత్రం తప్పకుండా చూడండి. యూ అని ఉంటే మామూలు డెస్క్‌టాప్‌ది. ఆర్ అని ఉంటే సర్వర్లలోంచి తీసింది, చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, ధర తక్కువగా ఉంటుంది, మీ బోర్డులో మాత్రం పనిచెయ్యదు. తక్కువకి వస్తోందని ఆశపడి చాలామంది దొరికిపోయేది ఇక్కడే.

ఇంకో మాట. మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో సిస్టమ్ టైప్ చూడండి. 32 బిట్ అని ఉంటే ఆ విండోస్ 4 జీబీ దాటి వాడుకోలేదు, మీరు ఎంత పెట్టినా దండగే. అలాంటప్పుడు ఇంకో 2 జీబీ, రెండువైపులా కలిపి 8 గానీ 16 గానీ చిప్పులున్నది, కొనుక్కుంటే సరిపోతుంది. బిల్లుల వరకే అయితే నేను దానికే ఓటేస్తాను. భీమవరంలోనో రాజమండ్రిలోనో సెకండ్ హ్యాండ్ సామాను అమ్మే షాపుకి మీ పాత ర్యామ్ పట్టుకెళ్లి చూపించి, బోర్డు జీ41 అని ముందే చెప్పి, పనిచెయ్యకపోతే మార్చిస్తానని ఒప్పుకుంటేనే కొనండి. హైదరాబాద్‌లో మనవాళ్లెవరైనా ఉంటే కంప్యూటర్ సామాను అమ్మే సికింద్రాబాద్ సీటీసీలో కూడా వెతికించొచ్చు.

కొన్ని జీ41 బోర్డుల మీద డీడీఆర్2 స్లాట్లు, డీడీఆర్3 స్లాట్లు పక్కపక్కనే ఉంటాయి. మీది అలాంటిదైతే రెండు రకాలూ ఒకేసారి పెట్టకండి, ఏదో ఒకటే వాడాలి.

ప్రశ్న: మా ఇల్లు సముద్రానికి దగ్గర. వానాకాలం వచ్చిందంటే మా పాత కంప్యూటర్ ఒక్కోసారి ఆన్ అవ్వదు, బీప్‌లు కొడుతుంది. ర్యామ్ తీసి మళ్లీ పెడితే ఓ వారం బాగుంటుంది, తర్వాత మళ్లీ అంతే. కొత్త ర్యామ్ కొనాలా?
– ఓ పాఠకురాలు, సఖినేటిపల్లి

జవాబు: ఇప్పుడే కొనకండమ్మా. తీసి పెడితే బాగవుతోందంటే లోపం చాలావరకు ర్యామ్ అంచున ఉండే పసుపు పిన్నుల దగ్గరే ఉంటుంది. మీ వైపు గాలిలో తేమ, ఉప్పు రెండూ ఎక్కువ, ఆ పిన్నుల మీద సన్నని పొర పేరుకుని కరెంటు సరిగ్గా అందదు. ప్లగ్ పీకేసి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని వదలండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. ఇనప బాడీని ఒకసారి ముట్టుకుని ర్యామ్ తియ్యండి. పిల్లలు పెన్సిల్ గీతలు చెరుపుకునే మెత్తని తెల్ల రబ్బరుతో పిన్నుల్ని రెండువైపులా రుద్దండి, పొట్టు దులపండి, పొడిగుడ్డతో తుడవండి. గరుకు కాగితం మాత్రం వద్దు, పైపూత లేచిపోతుంది. స్లాట్‌లో దుమ్ముని మెత్తని పొడి బ్రష్‌తో తియ్యండి, నోటితో ఊదకండి, తుంపర్లు పడతాయి. తిరిగి పెట్టేటప్పుడు మధ్యలో ఉన్న గాటు సరిచూసుకుని, క్లిప్పులు వాటంతటవే టక్కున పడేదాకా నొక్కాలి.

అప్పటికీ ఆగకపోతే ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86ప్లస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ని పెన్‌డ్రైవ్‌లో వేయించి, ఓ రాత్రంతా నడవనివ్వండి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కోదాన్నీ విడివిడిగా పరీక్షించండి. ఒక్క ఎర్రర్ వచ్చినా దాన్ని తీసేసి వేరేది వెతుక్కోవడమే.

ప్రశ్న: మా అబ్బాయి కంప్యూటర్ జీ31 బోర్డు, డీడీఆర్2. ఆన్‌లైన్‌లో 4 జీబీ డీడీఆర్2 చాలా చవగ్గా కనిపిస్తోంది. దాని బదులు డీడీఆర్3 పెట్టినా పడుతుందని ఒకాయన చెప్పాడు, రెండింటికీ 240 పిన్నులేనట. ఏది కొనమంటారు?
– ఓ పాఠకుడు, అమలాపురం

జవాబు: రెండూ వద్దండి. పిన్నులు రెండింటికీ 240 అన్నమాట నిజమే, కానీ గాటు ఒక చోట ఉండదు, డీడీఆర్2కి 1.8 వోల్టులు కావాలి, డీడీఆర్3కి 1.5. బలవంతంగా నొక్కితే స్లాట్ విరుగుతుంది. ఇక ఆ చవక 4 జీబీ సంగతి: వివరాల్లో కింద ఎక్కడో ఏఎండీకి మాత్రమే అని రాసుంటుంది, చదవండి. ఏఎండీ అంటే ఇంటెల్ లాగే ప్రాసెసర్లు చేసే ఇంకో కంపెనీ, ఆ ర్యామ్‌లు కొన్ని పాత ఏఎండీ బోర్డుల్లోనే పనిచేస్తాయి. మీది ఇంటెల్ బోర్డు, పైగా జీ31 ఒక్కో స్లాట్‌కి 2 జీబీకి మించి తీసుకోదు, మొత్తం కలిపి 4 జీబీ. కాబట్టి 2 జీబీవి రెండు, వీలైతే ఒకే కంపెనీవి, పీసీ2-6400 అని ఉన్నవి వెతకండి, ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతాయి. పెట్టాక 3 జీబీ పైచిలుకే వాడుకోవచ్చని చూపిస్తే అమ్మినాయన మోసం చేశాడనుకోకండి, 32 బిట్ విండోస్‌లో అలాగే కనిపిస్తుంది.

అబ్బాయి చదువు కోసమైతే దీని మీద ర్యామ్‌కి మించి ఖర్చు పెట్టొద్దనే చెబుతాను. విండోస్ 10కే మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11 ఈ బోర్డుని ఒప్పుకోదు. విండోస్ బదులు తేలికపాటి లైనక్స్ ఏదైనా వేసుకుంటే టైపింగ్‌కీ, ప్రోగ్రామింగ్ నేర్చుకోడానికీ ఇంకొన్నాళ్లు నడుస్తుంది.