అల్లుడి పూర్వీకుల పొలాన్ని వెదకబోతున్న మేనకోడలికి

చి. సౌ. మేనకోడలికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మీ ఆయన తాతకు తాత 1850 ప్రాంతంలో ఐర్లాండులోని రోస్కామన్ కౌంటీ నుంచి బోస్టన్‌కు వలస వెళ్ళాడనీ, ఆయన పుట్టిన ఇల్లూ సాగుచేసిన పొలమూ ఎక్కడ ఉండేవో చూడాలని ఉందనీ నీవు రాసిన ఉత్తరం అందింది. ఐర్లాండులోనే మీ అత్తయ్య పుట్టింటివారి పాత ఇంటి జాడ కోసం నేను ఆరేళ్ళు తిరిగాను కనుక, అప్పుడు నేర్చుకున్నది నీకు చెప్పవలసిన బాధ్యత నాకుంది.

ముందుగా ఒక చేదు సంగతి తెలుసుకో. ఆ శతాబ్దపు ఐరిష్ జనాభా లెక్కల కాగితాలు దాదాపు మిగలలేదు. 1821 నుంచి 1851 వరకు జరిగిన నాలుగు లెక్కల్లో అధికభాగం 1922 జూన్ 30న, అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థాన భవనాల్లోని రికార్డుల కార్యాలయంతో పాటు కాలిపోయింది. 1861, 1871 నాటివాటిని అంతకు చాలా ముందే ప్రభుత్వం నాశనం చేయించింది. 1881, 1891 నాటివి మొదటి ప్రపంచయుద్ధ కాలంలో కాగితపు గుజ్జు అయ్యాయి. పూర్తిగా మిగిలినవాటిలో మొదటివి 1901, 1911 లెక్కలు. అయితే రైతు పేరు జనాభా లెక్కలో కాలిపోయినా పన్ను పుస్తకంలో మిగిలింది. అందుచేత ఇంటిపేరు వెంట పరుగెత్తకుండా భూమిని పట్టుకో.

అక్కడ భూమికి అతిచిన్న విభాగం టౌన్‌లాండ్. పేరులో టౌన్ ఉన్నా అది పట్టణం కాదు. మన రెవెన్యూ గ్రామం కంటే చిన్నదిగా, సగటున మూడు వందల పైచిలుకు ఎకరాలతో ఉండే ఇలాంటివి ఐర్లాండులో 60,000కు పైగా ఉన్నాయి. ఆ పేరు తెలియకుండా విమానం ఎక్కవద్దు. దాన్ని బోస్టన్‌లోనే వెదకాలి: సమాధిరాళ్ళు, చర్చి వివాహ పత్రాలు, తప్పిపోయిన బంధువుల కోసం 1831 నుంచి బోస్టన్ పైలట్ పత్రికలో వేయించిన ప్రకటనలు అన్నీ చూడు. పెద్ద కొడుక్కి తండ్రి తండ్రి పేరూ, రెండో కొడుక్కి తల్లి తండ్రి పేరూ పెట్టే ఆనవాయితీ వారికీ ఉండేది కనుక, అమెరికాలో పుట్టిన పిల్లల పేర్లను బట్టి పై తరాన్ని కొంత ఊహించవచ్చు. ఊరిపేరును చెవికి వినబడినట్లు రాసుకుని ఉంటారు. బాలీ అంటే ఊరు, కిల్ అంటే చర్చి, డెర్రీ అంటే ఓక్ చెట్ల వనం అని తెలిస్తే వంకర రాతలోనూ అసలు పేరు కొంత గుర్తుపట్టవచ్చు.

టౌన్‌లాండ్ దొరికాక తెరవవలసినది గ్రిఫిత్ వాల్యుయేషన్. రిచర్డ్ గ్రిఫిత్ పర్యవేక్షణలో 1847 నుంచి 1864 వరకు అచ్చయిన ఈ పన్ను లెక్కలో సాగుదారు, కౌలుకిచ్చినవారు, విస్తీర్ణం, ఇంటి విలువ, భూమి విలువ ఉంటాయి. ఒకే పేరుగల ఇద్దరుంటే తండ్రి పేరో, జుట్టు రంగో పక్కన రాసి వేరుచేశారు. రోస్కామన్ భాగం 1850ల చివర అచ్చయింది కాబట్టి, వలస వెళ్ళిన ఆయన కోసం కాక, వెనక ఉండిపోయిన తండ్రి కోసమో అన్నదమ్ముల కోసమో చూడు.

ఒక్క హెచ్చరిక. పుస్తకంలోని కమతం సంఖ్యను పటంలో వెదికేటప్పుడు ఆ పటం ఏ కాలానిదో రూఢి చేసుకో, ఎందుకంటే ఇంటర్నెట్‌లో దానితో పాటు కనబడే పటాలు చాలాచోట్ల తరువాతి సవరణలవి. నేను అది గమనించక, మీ అత్తయ్య తల్లిగారిని వేరే కుటుంబపు గోడ ముందు నిలబెట్టాను. ఆవిడ ఆ రాయిని తాకి ఏడ్చారు. ఏడాది తరువాత నిజం తెలిసినప్పుడు ఆవిడకు చెప్పవలసి వచ్చిన ఆ సాయంత్రం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

అసలు ఇంటిని చివరకు పట్టిచ్చినవి డబ్లిన్‌లోని సవరణ పుస్తకాలు. గ్రిఫిత్ లెక్క తరువాత సాగుదారు మారినప్పుడల్లా పాత పేరు కొట్టి, కొత్త పేరును వేరే రంగు సిరాతో రాసి, సంవత్సరం వేసేవారు. ఇల్లు కూలితే దాని విలువ కొట్టేసేవారు. ఆ కొట్టివేతను చూసినప్పుడు కలిగిన దుఃఖం ఏ శిథిలం దగ్గరా కలగలేదు.

గ్రిఫిత్‌లో ఎవరూ లేకపోతే, బంగాళాదుంప పంటకు తెగులు సోకి 1840లలో వచ్చిన మహా కరువు సంగతి తలచుకో. 1847 చట్టం ప్రకారం పావు ఎకరాకు మించి భూమి ఉన్నవాడికి కరువు సహాయం లేదు. నాలుగు పౌండ్ల లోపు విలువగల కమతాల పన్ను భూస్వామే కట్టాలి కనుక చిన్న రైతులను తొలగించడం అతనికి లాభం. రోస్కామన్‌లోనే స్ట్రోక్స్‌టౌన్ ఎస్టేటు ఆ ఏడు దాదాపు 1,490 మందిని కెనడాకు పంపించింది. గ్రిఫిత్‌లో పేరు దొరకనప్పుడు, 1823 నుంచి 1837 వరకు తయారైన టైత్ పుస్తకాలకు, అంటే చర్చికి కట్టవలసిన భూమి పన్ను లెక్కలకు వెళ్ళు. వాటిలోని ఐరిష్ ఎకరం మనకు తెలిసిన ఎకరానికి 1.62 రెట్లని మరువకు. కాథలిక్ చర్చి రిజిస్టర్లను జాతీయ గ్రంథాలయం ఉచితంగా చూపిస్తుంది, వాటిలో పేర్లు చాలాచోట్ల లాటిన్‌లో ఉంటాయి కనుక జేమ్స్ అనే పేరు జాకోబస్‌గా ఉంటుంది.

వలస వెళ్ళిన ఆయన అక్కచెల్లెళ్ళో, తమ్ముళ్ళో వెనక ఉండిపోతే మరో దారి ఉంది. 1909లో డెబ్బై ఏళ్ళవారికి పింఛను మొదలైనప్పుడు, జనన పత్రాలు లేని ముసలివారి వయసు తేల్చడానికి 1841, 1851 లెక్కలను తిరగేసి వివరాలు రాసుకున్నారు; మూలం కాలిపోయినా ఆ చీటీలు కొన్ని మిగిలాయి.

పొలానికి ఫిబ్రవరిలో వెళ్ళు, దురదగొండి పెరగకముందే. ఏటవాలు ఎండలో పాత బంగాళాదుంపల మడుల గట్లు కనబడతాయి. 1830లలో కొలిచి, మైలుకు ఆరు అంగుళాల చొప్పున గీసిన పటాన్ని చేతిలో ఉంచుకో. పొలం యజమానిని ముందే అడుగు. లోహపు డిటెక్టరు తీసుకెళ్ళకు, అనుమతి లేకుండా పురావస్తువుల కోసం దాన్ని వాడడం అక్కడ నేరం. రాయి కూడా తెచ్చుకోవద్దు. ఒంటరిగా నిలిచిన ముళ్ళచెట్టు కొమ్మ విరవకు, అది యక్షిణుల చెట్టని అక్కడి నమ్మకం కనుక ఆ ఊరివారికి నొప్పి కలుగుతుంది.

టౌన్‌లాండ్ పేరు దొరికిన రోజున నాకు ఉత్తరం రాయి. సవరణ పుస్తకాలు చూడడానికి నేను గాల్వే నుంచి రైల్లో డబ్లిన్ వస్తాను.

ఇట్లు,
మీ మావయ్య