ఏనుగుకూ మనిషికీ నడుమ పలక

సైదాపేట,
చెన్నై

చిరంజీవికి,

నువ్వు పంపిన రాతప్రతి చేరి పది రోజులైంది. రెండుసార్లు చదివాను. సర్కస్ పెట్టిన మన వస్తాదు కోడి రామమూర్తి నాయుడు గారంటే నీకెంత ప్రేమో ప్రతి పుటలోనూ తెలుస్తోంది. నీ వయసు పిల్లలు ఆయన పేరు తలచుకోవడమే నాకు సంతోషం. ఆయన జీవితం పుస్తకంగా రాయాలని నువ్వు కూర్చోవడం మరీ సంతోషం. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను, ఏమీ అనుకోకు తల్లీ.

సన్మానసభలో మెడనిండా దండలు వేశాక మనిషి ముఖం కనపడదు చూడు, నీ మొదటి అధ్యాయం అలా ఉంది. కలియుగ భీముడు, ఇండియన్ హెర్క్యులెస్, మల్లమార్తాండ, వీరకంఠీరవ అన్నీ మొదటి పుటలోనే వేసేశావు. అవి జనమూ పెద్దలూ మెచ్చి ఇచ్చిన పేర్లే, కాదనను. కానీ 1882లో వీరఘట్టంలో పుట్టిన కుర్రవాడి మెడలో అవేవీ లేవు. ఇప్పటికి వాటిని తీసి పక్కన పెట్టు. ఏ పేరు ఏ ఊళ్లో, ఏ పని చేసినందుకు వచ్చిందో తెలిశాక, కథ ఆ ఊరికి చేరినప్పుడు మళ్లీ వెయ్యి.

అసలు సంగతి వేరే ఉంది. నువ్వు వస్తాదు కథ రాశావు. ఛాతీకి చుట్టిన ఇనుపగొలుసు తెంచడం, పరుగెత్తబోయే కార్లను పట్టి నిలపడం, ఏనుగును ఎక్కించుకోవడం, ఇవన్నీ తెలుగునాట తాతలు మనవలకు చెబుతూ వచ్చినవే. విశాఖ సముద్రతీరంలో ఆయన విగ్రహం చూసినవాళ్లకూ, శ్రీకాకుళంలో ఆయన పేరిట ఉన్న క్రీడామైదానంలో పరుగెత్తినవాళ్లకూ ఆ మాత్రం తెలుసు. విజయనగరంలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసిన మనిషి, పొట్టి పంతులు అనే స్నేహితుడి తోడ్పాటుతో సర్కస్ కంపెనీ పెట్టాడు. ఈ సంగతికి నువ్వు ఇచ్చింది ఒకే ఒక్క వాక్యం! బడిగంటకు కట్టుబడిన బతుకు నుంచి డేరా బతుకులోకి వెళ్లడమంటే ఏమిటో ఆ వాక్యం దగ్గర ఆగి ఆలోచించావా? నేనైతే నా పుస్తకం అక్కడ మొదలుపెడతాను.

నా అనుభవం ఒకటి చెప్పాలి. నలభై ఏళ్ల కిందట ఉత్తర చెన్నైలో ఒక సర్కస్ దిగింది. ఒక వారపత్రికకు వ్యాసం రాయడానికి నేను వరసగా మూడు రాత్రులు అక్కడికి వెళ్లాను. కార్తీకమాసం, వాన రోజులు. డేరా మోకులు చూసుకునే పెద్దాయన శ్రీకాకుళం వైపు మనిషి. నేను తెలుగువాణ్ణని తెలిసి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మబ్బు పట్టగానే లేచి చుట్టూ తిరుగుతూ ఒక్కొక్క మోకునూ వదులు చేసేవాడు. వాన వస్తుంటే బిగించాలి గానీ వదులు చేయడమేమిటని అడిగాను. నారమోకు తడిస్తే కురచబడి తనంతట తానే బిగుస్తుందట. ముందే వదలకపోతే నేలలోని మేకు పెకలి వస్తుంది, లేదా పైన గుడ్డ చిరుగుతుంది. ఎండ రాగానే మళ్లీ బిగించాలి. ఆ మూడు రాత్రులూ ఆయన సరిగ్గా నిద్రపోలేదు. నేను మాత్రం వ్యాసంలో సింహాల గురించీ ఉయ్యాలలూగే ఆడపిల్లల గురించీ రాశాను. అచ్చయిన ప్రతి తీసుకెళ్లి ఇస్తే ఆయన ఎవరితోనో చదివించుకుని, "బాగుంది బాబూ, డేరా ఎలా నిలబడిందో మాత్రం రాయలేదు" అన్నాడు. ఆ రోజు నుంచి ఏ మనిషి గురించి రాసినా ఆ మాట నన్ను వదలలేదు. ఇప్పుడు అదే ప్రశ్న నీ చేతిలో పెడుతున్నాను.

ఏనుగు ఘట్టాన్నే తీసుకో. నువ్వు రెండు పుటలు రాశావు, పలక మాట లేదు. ఆ ఆటలో వెల్లకిలా పడుకున్న మనిషి మీద పలక వేసి, దాని మీదుగా ఏనుగును నడిపిస్తారు. బరువంతా ఒక్క పాదం కింద పడకుండా పలక దాన్ని పరుస్తుంది. పలక కొస నేలకు ఆని ఉంటే కొంత భారాన్ని నేల మోస్తుంది. ఇది రాస్తే ఆయన చిన్నవాడైపోతాడని నీకు భయం కావచ్చు. నా లెక్కలో మరింత పెద్దవాడవుతాడు. రెండు మూడు టన్నుల జంతువు కదిలే కొద్దీ భారం ఛాతీ మీద ఒక పక్క నుంచి మరో పక్కకు జరుగుతుంది. ఊపిరి నిండా పీల్చి, బిగించి, ఆ కదలిక పూర్తయ్యే దాకా వదలకూడదు. ఆయన ప్రాణాయామం సాధన చేశారన్న మాటకు అర్థం అక్కడ తెలుస్తుంది. ఇక మావటి? అతని ఒక్క అదిలింపు తప్పినా పక్కటెముకలు మిగలవు. ప్రతి ఊళ్లో, ప్రతి ఆటలో కంపెనీ యజమాని ప్రాణం ఒక మావటి చేతిలో ఉంది. ఆ ఇద్దరి మధ్య నమ్మకం గురించి ఒక్క పేరా అయినా ఉండాలి.

ఆట ముగిశాక ఏనుగు ఎక్కడికి పోతుంది? ఎదిగిన ఏనుగుకు రోజుకు 150 కిలోల దాకా మేత కావాలి, వంద లీటర్లకు పైగా నీళ్లు కావాలి. వానకు ఆట రద్దయిన రోజున కూడా కావాలి. ఏనుగు ఆయన మీద నిలిచింది కొన్ని క్షణాలు. దాని మేత ఖర్చు ప్రతి తెల్లవారుజామునా నిలిచింది. మావటికీ, మోకులు చూసేవాడికీ, గుర్రాలకూ, వంటవాడికీ, టిక్కెట్లు చింపే కుర్రవాడికీ రోజూ అన్నం ఉడకాలి. సర్కస్ పెట్టినవాడి బరువు అది.

ఇక నీ తప్పు ఒకటి, తప్పకుండా సరిదిద్దాలి. ఆయన మద్రాసులో వైఎమ్‌సిఎ వ్యాయామ కళాశాలలో చదివాడని రాశావు. ఆ కళాశాలను హ్యారీ క్రో బక్ స్థాపించింది 1920లో. అప్పటికి రామమూర్తి గారికి నలభై దగ్గర పడింది, పేరు దేశమంతా పాకింది. ఆయన ఏడాదిపాటు వ్యాయామ శిక్షణ పొంది డ్రిల్లు మాస్టారు యోగ్యత సంపాదించింది మా సైదాపేట కళాశాలలో. సైదాపేట, వైఎమ్‌సిఎ కళాశాల ఉన్న నందనం పక్కపక్కనే ఉంటాయి కాబట్టి నువ్వు కలిపేశావు. నేను రోజూ ఈ పేటలోని పానగల్ మాళిగ అనే ప్రభుత్వ భవనం ముందు నుంచి నడిచిపోతాను. వీరఘట్టంలో పుట్టిన ఒక కుర్రవాడు ఈ పేటలో వరసలు కట్టి కవాతు నేర్చుకున్నాడు కదా అని చాలాసార్లు అనుకున్నాను. నీ అధ్యాయానికి ప్రాణం పోయగల చోటు నీ ఇంటికి ఏడు కిలోమీటర్ల దూరంలో ఉంది, నువ్వు ఒక్కసారి కూడా రాలేదు.

వైస్రాయి మింటో కారును ఆయన పట్టి ఆపాడని చెబుతారు. నువ్వు దానికి ఏ ఏడూ వేయలేదు. మింటో వైస్రాయిగా ఉన్నది 1905 నుంచి 1910 వరకు. అంటే ఆ సంఘటన ఆ అయిదేళ్లలోనే వెతకాలి. అప్పటికి మన జనంలో చాలామంది కారును దగ్గరగా చూసి ఉండరు. కదిలే కారే వింత, దాన్ని కదలకుండా చేసిన మనిషి అంతకంటే వింత. ఐరోపా వస్తాదు శాండో పేరు కూడా ఆ రోజుల్లోనే ఇక్కడ మోగింది. ఆయన మన దేశం తిరిగింది 1905 ప్రాంతంలో. తెల్లవాడి కండలకు చప్పట్లు కొట్టిన ఊళ్లలో మనవాడి ఛాతీ కొలతలు చెప్పుకోవడం మొదలైతే జనానికి ఎలా ఉండి ఉంటుంది? తిలక్ వంటివారు రామమూర్తి గారిని మెచ్చుకోవడానికి కారణం అందులో దొరుకుతుంది. ఆ కాలం గాలి తెలియకపోతే ఆయన కండబలమే మిగులుతుంది, ఆ బలం చూసి జనం ఎందుకు లేచి నిలబడ్డారో మిగలదు.

రైలును మరిచిపోకు. బెజవాడ నుంచి కటకం దాకా తీరం వెంట రైలుమార్గం 1893, 1896 మధ్య తెరుచుకుంది. ఆయనకు అప్పుడు పదకొండు నుంచి పద్నాలుగేళ్ల వయసు. విజయనగరం ఆ దారి మీదే ఉంది. గుంజలూ, గుడ్డా, బోనులూ, గుర్రాలూ బళ్ల మీద ఈడ్చుకుంటూ ఎంత దూరం పోగలరు? పదేళ్లు ముందు పుట్టి ఉంటే ఆయన ఒక సంస్థానంలో ఆస్థాన మల్లుడిగా మిగిలేవాడేమో. ఇది నా ఊహ, నీ పుస్తకంలో పెట్టమని చెప్పను. కానీ ఆలోచించు.

మరొకటి కూడా చూడు. సర్కస్ పెట్టిన ప్రతివాళ్లూ తమ చేతిలో ఉన్న విద్యనే డేరా నడుమ నిలబెట్టారు. 1768లో లండన్‌లో మొదలుపెట్టిన ఫిలిప్ ఆస్ట్‌లీ గుర్రపు దళం సైనికుడు. గుండ్రంగా పరుగెత్తే గుర్రం మీద మనిషి నిలబడగలడని గ్రహించి రింగు గీశాడు. ఈనాటికీ రింగు వ్యాసం 42 అడుగులు ఉండడానికి కారణం ఆ గుర్రమే. మన దేశంలో మొదటివాడైన విష్ణుపంత్ ఛత్రే కూడా గుర్రాల శిక్షకుడే. కియారిని ఇటాలియన్ సర్కస్ చూసి పట్టుదలతో 1880 మార్చి 20న బొంబాయిలో తన గ్రేట్ ఇండియన్ సర్కస్ ఆడించాడు. కేరళలో తలశ్శేరి దగ్గర చిరక్కరలో 1901లో సర్కస్ బడి తెరిచిన కీలేరి కున్హికణ్ణన్ కళరి యుద్ధవిద్యకూ, కసరత్తులకూ గురువు. ఆయన దగ్గర నేర్చుకున్న శంకరన్ ఉయ్యాలల మీద పనిచేసి, 1951లో ఒక స్నేహితుడితో కలిసి విజయా సర్కస్‌ను 6,000 రూపాయలకు కొని, తన రాశి పేరు పెట్టి జెమినీ సర్కస్ అన్నాడు. (మన ఊళ్లో జెమినీ వంతెనకూ దీనికీ సంబంధం లేదు, కలపకు.) శంకరన్ 2023లో 98 ఏళ్ల వయసులో పోయారు. ఆయన ఉయ్యాల ఊగడం మానేసిన తర్వాత కూడా ఎన్నో దశాబ్దాలు ఆయన సర్కస్ ఊరూరా తిరిగింది.

మన రామమూర్తి గారి సంగతి ఆలోచిస్తే నాకు గుండె బరువెక్కుతుంది. జనం టిక్కెట్టు కొన్నది ఆయన ఛాతీని చూడడానికి. గుర్రం చచ్చిపోతే ఇంకో గుర్రాన్ని కొనవచ్చు, ఉయ్యాలవాడు మానేస్తే ఇంకొకడికి నేర్పవచ్చు. ఈ కంపెనీకి పెట్టుబడి యజమాని ఒళ్లే. జ్వరం వచ్చినా, మనసు బాగోలేకపోయినా సాయంత్రానికి ఆ ఒళ్లు రింగులోకి రావాలి. రాకపోతే ఇందాక చెప్పిన అన్నం ఉడకదు. చివరికి కాలికి దెబ్బతగిలి, కాలు తీసేయాల్సి వచ్చింది. మత్తుమందు వద్దని ప్రాణాయామంతో ఆ కోత భరించారని చెబుతారు. నువ్వు ఆ ధైర్యాన్ని ఎంతో గొప్పగా రాసి, వెంటనే 1942లో ఒరిస్సాలో కన్నుమూశారని ముగించావు. మధ్యలో ఏమైంది తల్లీ? కాలు పోయిన రోజున డేరాలో ఉన్నవాళ్లు ఎక్కడికి పోయారు? ఏనుగును ఎవరు తీసుకున్నారు? మోకులు చుట్టి ఎక్కడ పెట్టారు? నీ పుస్తకంలో అన్నిటికంటే ఎక్కువ కష్టపడాల్సిన అధ్యాయం ఇదే. బిరుదులకు వెతికినంత శ్రద్ధగా దీనికోసం వెతుకు.

ఎక్కడ వెతకాలంటావా, మన ఊరంత మంచి చోటు లేదు. ఎగ్మూరులో కన్నెమరా గ్రంథాలయం ఉంది, దగ్గరలోనే రాష్ట్ర అభిలేఖాగారం ఉంది. ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో మొదలై 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. కృష్ణాపత్రిక 1902లోనే మొదలైంది. కథనాల కంటే ముందు ప్రకటనలు చూడు. టిక్కెట్టు వెల, ఆట సమయం, ఆడవాళ్లకు వేరే చోటు, ఏ మైదానం, ఎన్ని రోజులు, ఇవి ప్రకటనలోనే ఉంటాయి. ఒక ఊళ్లో పది రోజులు ఆడి తర్వాతి ఊళ్లో మూడు రోజులకే ఎత్తేశారంటే అక్కడ ఒక కథ ఉన్నట్టు.

ఆయన నోట నువ్వు పెట్టిన మాటలన్నీ తీసేయి. ఇంటి పెద్దలతోనో రాజుతోనో ఆయన ఏమన్నాడో నీ దగ్గర రుజువు లేనప్పుడు, ఉటంకింపు గుర్తులు పెట్టే హక్కు మనకు లేదు. "బృహత్ పటమండప స్తంభములు" అని రాశావు. డేరాలో ఎవరూ ఆ మాట అనరు, గుంజలు అంటారు. మోకు, మేకు, బోను, రింగు, ఈ మాటలు ఉన్నచోట మట్టివాసన ఉంటుంది.

జంతువుల గురించి నీకొక దిగులు ఉన్నట్టు వెనక పుటలో పెన్సిలుతో రాసుకున్నావు. చెరిపేయకు. పులులు, సింహాలు, ఎలుగుబంట్లు, కోతులను ఆడించకూడదని ప్రభుత్వం 1998లో ఇచ్చిన ఉత్తర్వును సుప్రీంకోర్టు 2001లో సమర్థించింది. 2011లో సర్కసుల్లో పిల్లలతో పనిచేయించడాన్ని కూడా ఆపింది. చిన్నప్పుడు పెరంబూరులో మా నాన్న భుజం మీద కూర్చుని పులిని చూసి కేరింతలు కొట్టినవాణ్ణి నేను. అయినా ఆ రెండూ న్యాయమైన తీర్పులనే నమ్ముతాను. రామమూర్తి గారి ఏనుగు పట్ల జాలి చూపితే ఆయన మీద గౌరవం తగ్గదు. రెండూ ఒకే పుటలో ఉండనివ్వు.

వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి సైదాపేట స్టేషనులో దిగు, బయట నిలబడి ఉంటాను. కళాశాల ఆవరణ బయటి నుంచే చూసి, అటునుంచి నందనం దాకా నడిస్తే వైఎమ్‌సిఎ కళాశాల ఎంత దూరమో నీ కాళ్లకే తెలుస్తుంది. రాతప్రతి తీసుకురావద్దు. విజయనగరంలో కంపెనీ పెట్టిన మొదటి నెల ఖర్చులు ఏవేవి ఉండి ఉంటాయో ఒక కాగితం మీద రాసి తీసుకురా. ఏనుగు మేతతో మొదలుపెట్టు. అత్తయ్య గారెలు చేస్తానంది.

ఆశీస్సులతో,
మీ మామయ్య